ఏడవని తగరం

గిన్నె 112. ఎర్నమ్మ అన్నం గిన్నె. మాఘం.

రెండు సేర్లు పడుతుంది. మునిగిపోయిన కింద ఊళ్ళోంచి ఈతగాళ్ళు పైకి తెచ్చినది. పాతికేళ్ళు ఉప్పునీళ్ళలో నానినా ఇత్తడి ఇత్తడే. చింతపండు, ఇసుక వేసి మూడుసార్లు తోమితే పచ్చటి చిలుము వదిలింది. కొలిమి మీద కాల్చాను. నవాసాగరం చల్లాను. తగరం రాసి దూదితో తిప్పాను. ముఖం చూసుకునేలా వచ్చింది.

కడ్డీ వంచాను. ఏడిచింది.

ప్రతి గిన్నెకీ ఇలా రాయమని ఎర్నమ్మ చెప్పింది. "నీ గిన్నెల్లో ఏటుందని రేపు కంపెనీవోలు అడిగితే మన కాడ కాయితం ఉండాలి మావా" అంది. నేను చదివింది రెండు తరగతులు. అయినా నా పని గురించి ఇంకొకరి చేత రాయించను. నేనే రాస్తాను.

ఏడుపంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం ఒక మాట. మంచి తగరం కడ్డీని చెవి దగ్గర పెట్టుకుని వంచితే లోపల కిర్రుమని సన్నగా మూలుగుతుంది. సీసం కలిసిందా, ఇక మూలగదు. చచ్చిన పాములా వంగుతుంది. మేం కంచరి వాళ్ళం తాతల నాటి నుంచి అలాగే చూసుకున్నాం. దీనికి పెట్టెలూ తెరలూ అక్కర్లేదు. చెవి చాలు.

గిన్నె 118. ఎర్నమ్మ కూతురు సుగుణ పప్పు గిన్నె.

చిన్నది, అడుగు మందం. సుగుణ వచ్చి, గిన్నె అయ్యేదాకా అరుగు మీద కూర్చుంది. పక్కన నాలుగేళ్ళ నీలి. నీలికి నోరు ఊరుకోదు. "తాతా, ఇది ఏటి? అది ఏటి? పొగ ఎందుకు తెల్లగా ఉంది?" అంటూ కొలిమి చుట్టూ తిరిగింది. పటకారు పేరు, తిత్తి పేరు, దూది పేరు అన్నీ అడిగి నేర్చుకుంది.

ఈ పిల్ల సుగుణకి మూడోది. మొదటివాడు అయిదో నెలలో బోర్లా పడలేదు, ఎనిమిదో నెలలో పోయాడు. రెండోదానికి పేరు పెట్టే రోజు రాలేదు. అప్పటికి, కింద ఊరు మునిగాక ఎక్కిన ఈ మెట్ట మీద, అందరం కంపెనీవాళ్ళ పొర గిన్నెల్లోనే వండుకుంటున్నాం. తోమక్కర్లేదు, అంటదు, మాడదు. ఆరునెలలకోసారి కంపెనీ బండి వచ్చి లోపల కొత్త పొర కొట్టి పోతుంది. పాత పొర ఏమైందని ఎవరూ అడగలేదు. ఎర్నమ్మ అడిగింది. రెండో పిల్లని పూడ్చి వచ్చిన రోజే అడిగింది.

తర్వాత ఆడవాళ్ళు చుక్క పెట్టె తెచ్చుకున్నారు. వేలి చివర రక్తం చుక్క పెడితే అందులో పొర ఎంత ఉందో అంకె చూపిస్తుంది. నెలకోసారి చుక్క రోజు. ప్రతి ఇంటి గోడ మీదా సుద్దతో ఆ అంకె రాసేవారు. ఆ గోడలు చూసి డెబ్బై మూడు ఇళ్ళవాళ్ళు గిన్నెలు మోసుకుపోయి కంపెనీ గేటు ముందు బోర్లించి వచ్చారు. ఇంటికొచ్చాక దేంట్లో వండుకోవాలో తెలియలేదు. మెట్ట మట్టిలో ఉప్పు, కుండ చేస్తే పగులుతుంది. అప్పుడు నేను గుర్తొచ్చాను. పదకొండేళ్ళుగా నా కొలిమిలో బూడిద కూడా లేదు. "దాలయ్య మావా, నువ్వే దిక్కు" అని ఇంటికొచ్చి అడిగారు. అడిగించుకుని మరీ మొదలుపెట్టాను.

నీలి ఇత్తడి గిన్నెల్లో తిని పెరిగిన పిల్ల. పోయిన చుక్క రోజు దాని పొర అంకె సున్నా. ఎర్నమ్మ ఆ సున్నాని గోడ మీద పళ్ళెమంత రాసింది.

వంచాను. ఏడిచింది.

గిన్నె 131. బడి పిల్లల పులుసు గిన్నె. ఫాల్గుణం.

పెద్దది. ఇద్దరు పట్టి దించారు. తగరం అయిపోతే పాతసామాను సన్యాసికి కబురు పెట్టాను. వాడు పనికిరాని యంత్రాల పలకలు ఏరి, వాటి అతుకుల్లోని తగరం కరిగించి కడ్డీలు పోస్తాడు. రెండు రకాలు తెచ్చాడు.

"ఇది కొత్త పలకలది తాతా. మొద్దు. బొగ్గు ఎక్కువ తినేస్తాది. మెరుపూ తక్కువే. ఇదేమో బాగా పాత పలకలది, మా తాత నాటి యంత్రాలు. నెయ్యిలాగ కరిగిపోతాది."

"పాతది పెట్టు."

"ఎప్పుడూ పాతదేనా? కొత్తది ఒక్కసారి చూడరాదా?"

"నీ కొత్తది నువ్వే నాక్కో. కొత్తదాన్ని నమ్మే కదరా మెట్టంతా పొర తిన్నాం."

సన్యాసి నవ్వి పాతవే కట్ట కట్టి ఇచ్చాడు. పోయిన దసరా నుంచీ నేను వాడేది అవే. అంతకు ముందు పెట్టెలో దాచుకున్న తగరం ఉండేది. మొదటి నలభై గిన్నెలకి అది సరిపోయింది. ఒక్క కడ్డీ మాత్రం మిగిలింది. నా భార్య నూకాలు చీర పేలికలో చుట్టి పెట్టినది. దాన్ని వాడను.

పాత పలకల తగరం అద్దంలా పూసుకుంది. వంచాను. ఏడిచింది.

గిన్నె 140. సుగుణది మళ్ళీ. పాలగిన్నె. చైత్రం.

ఇవాళ చుక్క రోజు. పట్నం నుంచి ఎవరో చదువుకున్న పిల్లలు చుక్క పెట్టెకి కొత్త బిళ్ళ పంపారు. అది లోహాలు కూడా చూపిస్తుందట. ఎందుకైనా మంచిదని ఎర్నమ్మ వేయించింది. పొర అందరికీ సున్నాయే. సీసం అని కొత్త అంకె వచ్చింది. అయిదు దాటకూడదట. నీలికి పంతొమ్మిది. బడి పిల్లలు చాలామందికి పది పైన.

మధ్యాహ్నం సుగుణ ఒక్కతే వచ్చింది. గిన్నె అరుగు మీద పెట్టి చీర కొంగు మెలిపెడుతూ నిలబడింది.

"మావా, కోపగించుకోకు. కళాయిలో ఏటైనా..."

"ఏటైనా అంటే?"

"సీసం. తగరంలో కలుస్తాదంట కదా."

నాకు ఒళ్ళు మండిపోయింది. అరవై ఏళ్ళ చేయి ఇది. "నీ అమ్మ ముక్కు చీదడం నేర్చుకోకముందే నేను కళాయి పెట్టాను. నా తగరం ఏడుస్తాది. నువ్వు వచ్చి నాకు చెప్తావా? అంత అనుమానమైతే ఆ గేటు కాడ బోర్లించిన పొర గిన్నె తెచ్చుకుని అందులో వండుకో. ఇద్దరు పోయారు కదా, మూడోదాన్నీ..."

పూర్తి చేయలేదు. కానీ ఆమెకి పూర్తిగా వినపడింది. గిన్నె అక్కడే ఉంచి వెళ్ళిపోయింది. సాయంత్రం నేనే కళాయి పెట్టి వాళ్ళ గుమ్మంలో పెట్టి వచ్చాను. తలుపు తీయలేదు.

రాసింది కొట్టేయను. అన్నాను కాబట్టి రాశాను.

వంచాను. ఏడిచింది.

గిన్నె 152. ఎర్నమ్మ నీళ్ళ బిందె లోపలి అడుగు. వైశాఖం.

సీసం ఎక్కడి నుంచి వస్తోందని మెట్టంతా ఒకటే మాట. ఎర్నమ్మ తేల్చేసింది. కంపెనీ గేటు దాటి వచ్చే గొట్టం నీళ్ళు. పొర మానేశామన్న కక్షతో నీళ్ళలో కలిపారు.

"నువ్వేటంటావు మావా?"

"ఇంకేటంటాను? వాళ్ళే. వాళ్ళకి పిల్లలు ఏం లెక్క?"

నేను అలా అన్నాక ఇంకెవరూ మరో మాట ఎత్తలేదు. మెట్ట మీద లోహం గురించి నా మాటే మాట. వచ్చే సోమవారం అందరం గేటు దగ్గర కూర్చోవాలని ఖాయం చేశారు.

ఈలోగా కంపెనీ ఒకమ్మాయిని పంపింది. మెడలో బిళ్ళ, చేతిలో పెట్టె. మర్యాదగానే మాట్లాడింది. "మీ నీళ్ళు పరీక్ష చేశామండీ, సీసం లేదు. ఒక్కసారి మీ గిన్నెలు కూడా చూడనివ్వండి."

ఆడవాళ్ళు నవ్వారు. ఒకామె "గిన్నెలు చూస్తాదంట! ముందు మీ అమ్మ వండే గిన్నె చూసుకోవమ్మా" అంది. నేను పటకారు పట్టుకుని లేచాను. "నా కొలిమి గడప తొక్కితే కాలు విరుగుతాది" అన్నాను. ఆ అమ్మాయి పెట్టె మూసుకుని పోయింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకు బాగానే వినపడ్డాయి.

నీలికి ఇప్పుడు ముప్పై నాలుగు. కడుపునొప్పని వంగిపోయి కూర్చుంటోంది. అన్నం పెడితే తోసేస్తోంది. ఇవాళ వాళ్ళమ్మమ్మ వెనకాల వచ్చింది. పటకారు చూపించి "ఇది ఏటి చెప్పు?" అన్నాను. చూసింది. పెదాలు కదిపింది. పేరు రాలేదు. మూడు నెలల కిందట నేర్చుకున్న పేరే. అడిగింది చాలన్నట్టు ఎర్నమ్మ కొంగు పట్టుకుని లాగింది.

"ఎండకి అలా ఉంది" అంది ఎర్నమ్మ. నేనూ అవునన్నాను.

వంచాను. ఏడిచింది.

గిన్నె 163. నాది. సోమవారం పొద్దున్న.

అందరూ గేటు దగ్గరికి పోయారు. నా గిన్నె ఒక్కటే మిగిలింది, అది పూసి పోదామని కూర్చున్నాను. పుస్తకం తెరిచి పక్కన పెట్టుకున్నాను. కడ్డీ చెయ్యి జారి పుస్తకం మీద పడి దొర్లింది.

ఈ పేజీ పైన బూడిద రంగు గీత చూశారా? అది పెన్ను గీత కాదు. కడ్డీ గీసింది.

మంచి తగరం కాగితం మీద ఇలా గీయదు. ఆ సంగతి కంచరి ఇంట్లో పుట్టిన ఎవరికైనా తెలుసు. నాకూ తెలుసు. అయినా కాసేపు వేలితో ఆ గీతని చెరుపుతూ కూర్చున్నాను. వేలు నల్లబడింది.

లోపలికెళ్ళి పెట్టె తీశాను. నూకాలు పేలికలో చుట్టిన కడ్డీ తెచ్చి దాని పక్కనే గీశాను. ఏమీ పడలేదు. సరే, ఇది మంచిది. చెవి దగ్గర పెట్టుకుని వంచాను.

వినపడలేదు.

రెండో చెవికి పెట్టాను. మళ్ళీ వంచాను. ఏమీ లేదు. సన్యాసి కడ్డీ వంచాను. అదీ అంతే. మాటలు వినపడతాయి, ఆ సన్నటి మూలుగే వినపడదు. ఏడ్చేదీ, ఏడవనిదీ నా చెవికి ఒకటే. ఎన్నాళ్ళ నుంచి ఒకటేనో నాకు తెలియదు.

కొలిమి ముందు కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. నూకాలు తిత్తి ఊదుతూ ఎడమ చేత్తో కడ్డీ వంచేది. "ఏడిసిందయ్యా" అనేది. "నాకు తెల్దేటే" అనేవాణ్ణి. ఇరవై ఏళ్ళు అలాగే గడిచింది. విన్నది ఆవిడ, పేరు నాది. ఆవిడ పోయి అయిదేళ్ళు. ఆవిడ పోయాక మొదలైన ఈ పనిలో ఒక్క కడ్డీ ఏడుపు కూడా నేను వినలేదు. వంచాను. ఏడిచిందని రాశాను. ఏడవకుండా ఎలా ఉంటుంది, నేను వంచితే? అలా అనుకున్నాను.

ఇక పాత పలకలు. నెయ్యిలా కరిగేది సీసం కలిస్తేనే. అంత మెరుపూ అందుకే. మొద్దుగా ఉందని నేను వద్దన్న కొత్తదే మంచిది. సన్యాసి చూడమన్నాడు కూడా.

నాది కాక నూట అరవై రెండు గిన్నెలు. మొదటి నలభై తీసేస్తే, మిగతావన్నీ.

అదే రోజు సాయంత్రం. గిన్నె లేదు.

రెండు కడ్డీలూ, ఈ పుస్తకమూ పట్టుకుని గేటు దగ్గరికి పోయాను. మూడొందల మంది ఉన్నారు. ఎర్నమ్మ ముందు వరసలో ఉంది, ఒళ్ళో నీలి. లోపలివైపు కంపెనీవాళ్ళు వరసగా నిలబడి ఫొటోలు తీస్తున్నారు. నన్ను చూసి జనం దారి ఇచ్చారు. "దాలయ్య తాతొచ్చాడు, చెప్పు తాతా, ఈలకి చెప్పు" అని అరిచారు.

ఎర్నమ్మ చెవిలో చెప్పి ఉండాల్సింది. రేపు కూర్చుందాం, ఇవాళ పోదాం పద అని ఉండాల్సింది. నాకు ఆ ఆలోచన రాలేదు. తప్పు చేస్తే పదిమందిలో ఒప్పుకునే మగాణ్ణి నేను, అదీ నా ఆలోచన. గేటు ముందు నిలబడి సుగుణని పిలిచాను. మంచి కడ్డీ చేతిలో పెట్టి చెవి దగ్గర వంచమన్నాను.

వంచింది. "కిర్రుమంది" అంది.

రెండోది ఇచ్చాను. వంచింది. ఆగింది. మళ్ళీ వంచింది.

"ఏటీ నేదు మావా."

"అదే మీ గిన్నెల్లో ఉంది" అన్నాను. పుస్తకంలోని గీత పైకెత్తి చూపించాను. "నీళ్ళలో లేదు. నేను పూశాను. నాకు చెవులు పోయాయి."

నా గొంతు పెద్దది. గేటు లోపలికి కూడా వినపడింది. ఆ రోజు పటకారుతో నేను తరిమిన అమ్మాయి కూడా అక్కడే ఉంది. ఆమె నవ్వలేదు. పక్కనున్న కంపెనీ మనిషి మాత్రం ఫోను తీసి ఎవరితోనో మాట్లాడడం మొదలుపెట్టాడు.

ఎర్నమ్మ లేచింది. పిల్లని సుగుణకి ఇచ్చింది. నా ముందుకొచ్చి నిలబడింది. కొడుతుందనుకున్నాను. కొట్టినా బాగుండేది.

"నా కూతురు నిన్నడిగింది కదా" అంది. "నెల కితమే అడిగింది. దాన్నేటన్నావో నాకు నిన్ననే చెప్పింది. గేటు కాడ మన పరువు పోకూడదని నోరు మూసుకున్నాను."

నేను ఎత్తిన పుస్తకం దించాను.

"ఇప్పుడు కూడా చూడు. నా ఇంటికొచ్చి చెప్పలేకపోనావు. ఈల ముందు చెప్పాల్సొచ్చిందా? మూడేళ్ళు మావా. మూడేళ్ళు ఈ గేటు కాడ ఎండలో కూకున్నాను. ఒక్క మాటలో ఆల చేతిలో పెట్టీసినావు. నీకు మగతనం కావాలి. నాకు నా పిల్ల కావాలి."

అంతే. అందరూ లేచి పోయారు. కూర్చున్న చోట చాపలు కూడా వదిలేశారు. అవి నేను చుట్టాను. మోయలేక అక్కడే పెట్టి వచ్చాను.

గిన్నె లేదు. జ్యేష్ఠం.

కంపెనీ బండి వరసగా మూడు రోజులు వచ్చింది. ప్రతి ఇంటికీ కొత్త పొర గిన్నెలు, ఊరికే. బండి మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను: "తాత చేతి తగరం కన్నా మా పొర మిన్న." నా ఫొటో కూడా వేశారు, పుస్తకం పైకెత్తినది.

నలభై ఎనిమిది ఇళ్ళు తీసుకున్నాయి. నేను తప్పు పట్టను. పట్టే హక్కు నాకు లేదు. బడి వాళ్ళు పులుసు గిన్నె తెచ్చి నా వాకిట్లో బోర్లించి పోయారు. ఇంకా చాలా గిన్నెలు అలాగే వచ్చాయి. ఎండ పడితే వాకిలంతా మెరుస్తుంది. లోపలికి పోయి కూర్చుంటాను.

వాటి కళాయి గీకడం మొదలుపెట్టాను. ఒక్కొక్కటీ కాల్చి, తుడిచి, మళ్ళీ కాల్చి, ఇత్తడి బయటపడేదాకా. గీకిన సీసం అంతా డబ్బాలో పోసి మూత వేశాను. రోజుకి మూడు గిన్నెలు అవుతాయి. రాత పని లేదు కాబట్టి అంకెలు వేయలేదు.

ఈ నెల గోడలు చూస్తూ నడిచాను. సీసం తగ్గుతోంది. నీలికి ఇరవై ఆరు. పొర గిన్నెలు తీసుకున్న ఇళ్ళ గోడల మీద పొర అంకె మళ్ళీ వచ్చింది. నాలుగు. ఆరు. ఒక ఇంట్లో కడుపుతో ఉన్న పిల్లకి తొమ్మిది.

సీసం ఒంట్లోంచి పోతుందట. పోయిన మాటలు తిరిగొస్తాయో లేదో డాక్టరు చెప్పలేదని సన్యాసి చెప్పాడు. ఎర్నమ్మ నాతో మాట్లాడదు. నేను ఎదురొస్తే వీధి అటువైపు నడుస్తుంది.

గిన్నె 164. సుగుణ అన్నం గిన్నె. ఆషాఢం.

వానలో వచ్చింది. నీలిని చంకన వేసుకుని, గిన్నె తల మీద బోర్లించుకుని. కొంగున ఏదో మూటకట్టి ఉంది. అరుగు మీద కూర్చోలేదు, నిలబడే మాట్లాడింది.

"మా అమ్మకి తెల్దు. పొరలో వండలేను. రెండుసార్లు వండి పెట్టాను, రెండుసార్లూ..." అని ఆగింది. "అలాగని వట్టి ఇత్తడిలో పులుసు కాయలేను, చిలుమెక్కుతాది. నువ్వు తప్ప ఇంకెవరికీ పని రాదు. అందుకే వచ్చాను. నిన్ను చూసి కాదు."

"సరే" అన్నాను.

కొంగు విప్పింది. నాలుగు కడ్డీలు. కొత్త పలకల తగరం, సన్యాసి దగ్గర తనే అడిగి తెచ్చుకుంది. నేను చెయ్యి చాపితే ఇవ్వలేదు. నీలిని దించి, మొదటి కడ్డీ చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని వంచింది. వానచప్పుడు ఎక్కువగా ఉందని లోపలికి, కొలిమి దగ్గరికి వచ్చి మళ్ళీ వంచింది. తీసుకెళ్ళి కాలవలోకి విసిరేసింది. రెండోదీ అంతే చూసింది. దాన్ని నా ముందు పెట్టింది. మూడోది పెట్టింది. నాలుగోది విసిరేసింది.

ఏడిచిందా అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

బొగ్గు రెండింతలు పట్టింది. మొద్దు తగరం. చెయ్యి నొప్పి పుట్టేదాకా దూదితో తిప్పాను. పెద్దగా మెరవలేదు. ముఖం కనపడలేదు. సుగుణ తెల్లబట్ట తెచ్చి లోపలంతా రుద్ది, బట్ట వెలుగులోకి పట్టి చూసింది. నలుపు లేదు.

నీలి పటకారు దగ్గర కూర్చుంది. దాన్ని ముట్టుకుంది, నా వైపు చూసింది. నేను పేరు చెప్పలేదు. మళ్ళీ అడగడానికి భయం వేసింది.

గిన్నె తీసుకుని పోబోతూ సుగుణ గుమ్మంలో ఆగింది. "పుస్తకంలో రాస్తావు కదా?"

"రాస్తాను."

"ఉన్నదున్నట్టు రాయి."

రాస్తున్నాను.

వంచింది సుగుణ. విన్నది సుగుణ. పూసింది దాలయ్య.